ఆలస్యానికి ఆకుపచ్చ సంతకం

బండి ఆగింది.

స్టేషనులో ఆగడం వేరు, ఇలా ఆగడం వేరు. స్టేషనులో ఆగితే దిగేవాళ్ళు దిగుతారు, ఎక్కేవాళ్ళు తోసుకుంటారు, గార్డు విజిలు వేస్తాడు, బండి కదులుతుంది. లూప్ లైనులోకి మళ్ళించి ఆపితే అవేవీ ఉండవు. వెనక వచ్చే పెద్ద బండికి దారి ఇచ్చి, అది దుమ్ము రేపుకుంటూ దాటిపోయేదాకా పక్కన నిలబడి ఉండాలి. గూడూరు నుంచి మద్రాసు వైపు వెళ్ళే ఈ ప్యాసింజరుకి అలా పక్కకు జరగడం పుట్టినప్పటి నుంచీ అలవాటే. పెద్ద బండిలో వెళ్ళేవాళ్ళ పనులు పెద్దవనీ, చిన్న బండిలో వెళ్ళేవాళ్ళకు అసలు పనులే ఉండవనీ ఎవరు తేల్చారో మాత్రం ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

మూడో పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్న ఏంజెలిన్ ఫోనులో టైము చూసుకుంది. ఆరు యాభై. తడ దగ్గర కార్ల వైరింగు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆమె లైన్ లీడరు. దొరవారిసత్రంలో ఎక్కుతుంది. ఆమె కూర్చున్న చోట అప్పటిదాకా కూర్చున్నది పెంచలమ్మ. పెంచలమ్మ గూడూరులో ఎక్కుతుంది కాబట్టి ఆమెకు సీటు దొరుకుతుంది. కానీ మూడో పెట్టెకు ఒక కట్టుబాటు ఉంది. సత్రం స్టేషను దాటగానే కూర్చున్నవాళ్ళు లేవాలి, నిలబడ్డవాళ్ళు కూర్చోవాలి. ఎవరు పెట్టారో తెలియదు, ఎక్కడా రాసి లేదు, తప్పినవాళ్ళు లేరు. ఒకసారి పట్నం మనిషి ఎవరో లేవనని మొండికేస్తే, తడ దాకా ఆ పెట్టెలో ఆయనతో ఒక్కరూ మాట్లాడలేదు. మర్నాడు ఆయన నాలుగో పెట్టె చూసుకున్నాడు.

"ఏంది పాపా, ఇప్పట్లో కదిలేనా ఇది?" అంది పెంచలమ్మ, పైన కడ్డీ పట్టుకుని వంగి కిటికీలోంచి చూస్తూ.

"వెనక బండి ఇంకా రాలా అక్కా."

"వొస్తాదిలే. దానికేం తొందర!"

నవ్వుతూనే అంది గానీ పెంచలమ్మ వేళ్ళు కడ్డీ మీద బిగుసుకున్నాయి. ఆమె ఏంజెలిన్ లైనులోనే పని చేస్తుంది. ఏంజెలిన్ది పర్మినెంటు ఉద్యోగం, పెంచలమ్మది కాంట్రాక్టు. ఎనిమిదింటికి షిఫ్టు. పర్మినెంటు వాళ్ళు ఎనిమిదిన్నర దాకా రావచ్చు. కాంట్రాక్టు వాళ్ళు ఎనిమిది దాటి ఒక్క నిమిషమైనా పేరు పక్కన ఎర్ర గుర్తు పడుతుంది. నెలలో మూడు ఎర్ర గుర్తులు పడితే మళ్ళీ నెల రానక్కర్లేదు. పెంచలమ్మకు ఈ నెలలో ఒకటి పడి ఉంది. నెలాఖరుకి నాలుగు రోజులుంది.

బండి నలభై నిమిషాలు ఆగింది. ఫ్యాక్టరీ వ్యాను వాళ్ళను గేటు దగ్గర దింపేసరికి ఎనిమిదీ పదిహేను. ఏంజెలిన్ వేలు పెడితే మెషీను మర్యాదగా థాంక్యూ అంది. వెనకే పెంచలమ్మ వేలు పెట్టింది. మెషీను కీచుమని అరిచి ఎర్ర దీపం వెలిగించింది. ఒకే బండి, ఒకే పెట్టె, ఒకే వ్యాను. ఏంజెలిన్ రెండేళ్ళుగా ఈ అరుపు వింటూనే ఉంది. ఆ రోజెందుకో తనను పిలిచి కొట్టినట్టనిపించింది.

లోపల లైను నడుస్తోంది. మనిషెత్తు బోర్డులు ఒకదాని వెనక ఒకటి మెల్లగా తిరుగుతుంటాయి. వాటి మీద మేకులకు రంగురంగుల వైర్లు తగిలించి, కట్టలు కట్టి, నల్ల టేపు చుట్టాలి. చుట్టు మీద చుట్టు సగం కప్పుతూ పోవాలి. ఎక్కువ కప్పితే లావవుతుంది, తక్కువ కప్పితే వైరు బయటికి తొంగి చూస్తుంది. పెంచలమ్మ వచ్చి చెంగు దోపుకుని టేపు అందుకుంది. ఆమె చూపు వైరు మీద ఉండదు, బొటనవేలి కిందే కొలత ఉంటుంది. ఏంజెలిన్ని రెండు నెలలు జపానుకి పంపి ఈ పని నేర్పించారు. ఆమె వచ్చి పెంచలమ్మకు నేర్పింది. పెంచలమ్మ నెల తిరక్కుండానే ఏంజెలిన్ని దాటిపోయింది.

టీ బ్రేకులో ఏంజెలిన్ మేనేజరు మధుబాబు గదికి వెళ్ళింది. హాజరు, సెలవులు, ఎర్ర గుర్తులు, అన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. చెడ్డవాడేం కాదు. ఆరేళ్ళలో ఒక్క రోజు కూడా ఆలస్యంగా రాలేదని కంపెనీ ఇచ్చిన ప్రశంసాపత్రం అద్దం కట్టించి వెనక గోడకు తగిలించుకున్నాడు. ఆయన నాయుడుపేట నుంచి కారులో వస్తాడు.

"బండి లేటైతే కాంట్రాక్టు వాళ్ళ తప్పేముంది సార్?" అంది ఏంజెలిన్.

"ముందు బండిలో రమ్మను."

"దానికి రావాలంటే మూడింటికి లేయాల సార్. అదీ లేటే."

మధుబాబు చేతులు చాచాడు, నన్నేం చెయ్యమంటావన్నట్టు. ఏంజెలిన్ మెడలోని గుర్తింపు కార్డు తీసి, దాని వెనక దాచుకున్న చిన్న కాగితం ముక్క బల్ల మీద పెట్టింది. బస్సు టిక్కెట్టంత ఉంది. అంచున వరసగా అంకెలు, ఒక అంకె దగ్గర చిన్న గాటు.

"జపానులో ఒకరోజు బండి పది నిమిషాలు లేటైంది సార్. స్టేషనులో దిగినోళ్ళందరికీ ఇది ఇచ్చినారు. ఈ గాటు ఉండేది పది కాడ. ఫ్యాక్టరీలో ఇస్తే తీసుకుని, పొద్దున్నే ఇబ్బంది పడినారని తలొంచి చెప్పినారు. గుర్తూ లేదు, ఏమీ లేదు."

మధుబాబు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయనకు నచ్చిందని ముఖంలో తెలిసింది. అయినా వెనక్కి నెట్టాడు.

"అది జపాను ఏంజెలిన్. మన రైల్వే వాళ్ళు ఇట్టాంటిది ఇస్తే తెచ్చి పెట్టు. చూస్తా."

ఆయన మాట వరసకి అన్నాడు. ఏంజెలిన్ ఆ మాట పట్టుకుంది.

*

మంగళవారం పొద్దున ఆమె పావుగంట ముందే స్టేషనుకి వెళ్ళింది. స్టేషను మాస్టరు సిగ్నళ్ళ గొడవలో, ఫోన్ల గొడవలో ఉన్నాడు. కాగితం సంగతి చెబితే ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని చిన్నగా నవ్వాడు. ఏ బండి ఎన్నింటికి వచ్చిందో, ఎన్నింటికి పోయిందో నిమిషాలతో సహా తమ పుస్తకంలో ఉంటుందన్నాడు. కానీ ప్రయాణికులకు చీటీ ఇచ్చే పద్ధతి లేదన్నాడు. "లేనిది నేనెట్టా ఇస్తానమ్మా?" అన్నాడు. అందులో అబద్ధం లేదు, కాబట్టి ఏంజెలిన్ నమస్కారం పెట్టి వచ్చేసింది.

ఆ రోజు బండి మహారాజులా టైముకి వచ్చింది. లూప్ లైనులోకి తొంగి కూడా చూడలేదు. టైముకి వచ్చిన రోజే మూడో పెట్టెలో రైళ్ళ గురించి ఎక్కువ మాట్లాడుకుంటారు. లేటైన రోజు తిట్టుకోవడానికే సరిపోతుంది.

"ఆడ జనం ఉంటారా పాపా, మనలాగా?" అంది పెంచలమ్మ.

"మనకంటే జాస్తి అక్కా. తెల్ల గ్లోవులేసుకున్నోళ్ళు వెనకనుంచి నెట్టి తలుపు వేస్తారు. కానీ పెట్టెలో మాట వినపడదు. అంత జనంలో ఒక్కరూ మాట్లాడరు. ఫోను కూడా మోగదు. మొదటివారం నాకు ఏడుపొచ్చింది."

"ఎవురూ నీకు సీటు ఇయ్యలా?"

"మన మాదిరి మార్చుకునే పద్ధతి ఆడ లేదక్కా. కూర్చున్నోళ్ళు దిగేదాకా కూర్చుంటారు."

పెంచలమ్మ చుట్టూ చూసింది. ఆ చూపులో జపానును ఒక మార్కు తేడాతో ఓడించిన సంతోషం కనిపించింది.

ఎదురు బెంచీ మీద ఉషారాణి మేడం నవ్వింది. ఆమె తడ దాటి లోపల ఒక పల్లెలో ప్రభుత్వ హైస్కూలు హెడ్మిస్ట్రెస్. నాయుడుపేటలో ఎక్కుతుంది. "జర్మనీ వాళ్ళు గడియారం మాదిరి నడుపుతారనుకుంటాం గదా. మా తమ్ముడు అక్కడే ఉండాడు. ఈమధ్య అక్కడా లేటేనంట, రోజూ తిట్టుకుంటాండాడు. ఇంగ్లండులో అయితే అరగంట లేటయితే టిక్కెట్టు డబ్బుల్లో కొంత వెనక్కిస్తారంట."

"మన టిక్కెట్టు పది రూపాయలు మేడం. అందులో ఏం ఇస్తారు, రెండున్నరా?" అంది పెంచలమ్మ. పెట్టె పెట్టెంతా నవ్వింది. మల్లెపూలు కడుతున్నామె దారం వదిలేసి మరీ నవ్వింది.

ఏంజెలిన్ మాత్రం నవ్వలేదు. ఉషారాణి మేడం ఒళ్ళో ఉన్న చేతిసంచీ వైపు చూస్తోంది. ఆ సంచీలో ఒక రబ్బరు స్టాంపు, ఇంకు ప్యాడు, ఆకుపచ్చ సిరా పెన్ను ఎప్పుడూ ఉంటాయి. గెజిటెడ్ సంతకం కోసం ఊళ్ళు పట్టుకు తిరగలేక జనం మేడమ్‌ను బండిలోనే పట్టుకుంటారు. ఆధారు నకళ్ళు, మార్కుల జాబితాలు, పాసుపోర్టు ఫోటోలు ఆమె ముందుకు వస్తాయి. అసలు కాగితం చూపించందే ఆమె సంతకం పెట్టదు. సొంత ఆడబిడ్డ కొడుక్కే పెట్టలేదని పేరు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఎండ ఇంకా వేపచెట్టు మీదే ఉంది. తండ్రి, ఆయన పేరు సమాధానం, అరుగు మీద కూర్చుని కాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళు రైల్వేలో కీమ్యాన్. రోజూ తెల్లారేసరికి సుత్తీ స్పానరూ భుజాన వేసుకుని ఆరు కిలోమీటర్ల పట్టా నడిచి, వదులైనవి బిగించి, మళ్ళీ ఆరు కిలోమీటర్లు వెనక్కి నడిచేవాడు. ఏంజెలిన్ విషయం చెప్పింది. ఆయనకి చురుక్కుమంది.

"జపాను జపాను అంటావే, ఆడ టిక్కెట్టు ఎంత మే?"

"ఇంత దూరానికి మన డబ్బుల్లో మూడొందల దాకా అయితాది నాయనా."

"ఈడ పది. టీ కూడా రాదు పది రూపాయలకి. తడ దాకా మోసకపోతాండాది. ఒక లైను మీద పెద్ద బండ్లు, చిన్న బండ్లు, బొగ్గు బండ్లు, అన్నీ పోవాల. ఎవురో ఒకరు ఆగాల గదా."

"ఆగమను నాయనా. రోజూ మేమే ఎందుకు ఆగాల? పోనీ ఆగినాం. ఆగినామని ఒక ముక్క రాసియ్యమంటే ఎవురూ రాయరు. టిక్కెట్టు పది రూపాయలైతే మనిషి టైము కూడా పది రూపాయలేనా?"

సమాధానం నూనె గిన్నె పక్కన పెట్టాడు. తన రైల్వేని ఇంకొకరు అంటే ఆయన ఊరుకోడు. కానీ అన్నది కూతురు, అన్న మాట న్యాయంగా ఉంది. ఆ రెంటి మధ్యా ఆయన కాస్త ఇబ్బంది పడ్డాడు.

"పట్టా మీద కొడితే శబ్దంలోనే తెలిసేది మాకు," అన్నాడు చివరికి. "పగులుంటే ఎర్రజెండా పాతేవాళ్ళం. ఎన్ని గంటలకి చూసినామో, ఏ కిలోమీటరు కాడో రాసి సంతకం పెట్టేవాళ్ళం. మా పట్టా పగిలిందని రాసేదానికి సిగ్గుపడలా. రాయకుండా నడిచొస్తేనే సిగ్గు."

"అయితే చెప్పు. ఎట్టా రాయాల?"

"చక్రం ఆగింది ఎప్పుడు, కదిలింది ఎప్పుడు. దాటిపోయిన బండి ఏది. అంతే. బాగా లేటైంది, శానాసేపు పట్టింది, ఇట్టాంటివి రాయబాక. అవి ఏడుపులు. రైల్వేలో నిమిషం తప్ప ఇంకోటి చెల్లదు."

ఏంజెలిన్ ఫోనులో రాసుకుంది. ఆయన మళ్ళీ నూనె గిన్నె అందుకున్నాడు, "ఒక్క నిమిషం కూడా జాస్తి రాయబాక," అని ఇంకోసారి చెప్పాడు.

*

బుధవారం చక్రం ఆగింది ఆరూ నలభై ఎనిమిదికి.

ఏంజెలిన్ లేచి ఉషారాణి మేడం దగ్గరికి వెళ్ళి విషయం చెప్పింది. మేడం కళ్ళజోడు తీసి పైటతో తుడుచుకుంది. ఇన్నేళ్ళలో కాగితాలకు సాక్ష్యం చెప్పింది గానీ బండికి చెప్పమని ఎవరూ అడగలేదు. పైనుంచి ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? అసలు చూడందే సంతకం పెట్టనని పేరున్న మనిషి. అసలు ఇక్కడ ఏది?

"అసలు మనం కూర్చోనుండేదే గదా మేడం," అంది పెంచలమ్మ.

మేడం కళ్ళజోడు పెట్టుకుంది. "నిజమే. నేను చూసింది చూసినట్టు రాసేదానికి నాకెవురి పర్మిషను కావాల?" అని సంచీలోంచి తెల్లకాగితం, పిల్లల పరీక్ష అట్ట బయటికి తీసింది.

వెనక నుంచి పెద్ద బండి వచ్చి, పెట్టెల్ని ఊపేసి, వెళ్ళిపోయింది. ఆ తర్వాత కూడా ప్యాసింజరు కదల్లేదు. ఇంకొకటి రావాలి. అదీ వెళ్ళాక, ఏడూ ఇరవై రెండుకి చక్రం కదిలింది.

"ముప్పై నాలుగు నిమిషాలు," అంది మేడం.

"గంట అని రాయండి మేడం," అంది పెంచలమ్మ గొంతు తగ్గించి. "ముప్పై నాలుగంటే వాళ్ళు పదిహేనుకి దించతారు. గంటంటే అరగంట కాడ నిలబడతాది."

"బేరమా పెంచలమ్మా ఇది, చేపల మార్కెట్లో మాదిరి? ముప్పై నాలుగు."

"పోనీ ముప్పై అయిదు. ఒక నిమిషం గదా."

"ముప్పై నాలుగంటే ముప్పై నాలుగే. ఆ ఒక్క నిమిషంతో మిగిలినవన్నీ అబద్ధమైపోతాయి."

పెంచలమ్మకు నచ్చలేదు. అయినా తలూపింది. కాగితం పెట్టెలో చుట్టూ తిరిగింది. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు ముప్పై ఒక్కమంది. ఎక్కిన వరసలోనే పేర్లు రాశారు. పర్మినెంటూ కాంట్రాక్టూ తేడా లేదు. గూడూరులో మొదట ఎక్కింది పెంచలమ్మ కాబట్టి మొదటి పేరు ఆమెదే. ఊగే బండిలో అక్షరం చెదరకుండా ఉండాలని ఊపిరి బిగబట్టి సంతకం చేసింది. చివర మేడం ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టి, ఎవరిదో టిఫిను డబ్బా మూత మీద కాగితం పరిచి, స్టాంపు ఒత్తింది. ఆ చప్పుడుకి పెట్టెలో అందరికీ ఎక్కడ లేని ధైర్యం వచ్చింది.

మధుబాబు కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"ఎవరీ ఉషారాణి?"

"హెడ్మిస్ట్రెస్ సార్. గెజిటెడ్."

"గెజిటెడ్ సరే. బళ్ళో పిల్లకాయల సర్టిఫికెట్ల మీద పెట్టే సంతకం ఇది. రైల్వే కాగితం కాదు. చెల్లదు."

"ఇందులో అబద్ధం ఏదన్నా ఉందా సార్?"

"అబద్ధమని నేననలా. చెల్లదంటాండా."

"అయితే నాకూ వేయండి సార్ ఎర్ర గుర్తు. నేనూ ఆ బండిలోనే వచ్చినా."

"నీకు వేయాలన్నా మెషీను ఒప్పుకోదు," అన్నాడు మధుబాబు. అనేసి, తన మాట తనకే బాగా లేక, ఫైలు తిరగేశాడు. "చూడమ్మా, పెంచలమ్మకి మూడో గుర్తు పడిపోయింది. రేపు సాయంత్రం కాంట్రాక్టరుకి లిస్టు పోతాది. నా చేతుల్లో లేదు."

ఏంజెలిన్ లైను దగ్గరికి వచ్చి చెప్పింది. పెంచలమ్మ చేతిలో టేపు ఆగలేదు. చుట్టు మీద చుట్టు, సగం కప్పుతూ, కొసదాకా చుట్టి, పటుక్కున తెంపింది. "చూసినాడు గదా. చదివినాడు గదా," అంది. "రెండుసార్లు చదివినాడన్నావే. అబద్ధమని మాత్రం అనలా." ఆమె ముఖంలో భయం కంటే అదే ఎక్కువగా ఉంది. ఏంజెలిన్ ఏడుపు ఆపుకోవడానికి అటు తిరిగి వైర్లు లెక్కపెట్టింది.

*

గురువారం తెల్లవారుజామున నాయుడుపేట దగ్గర జాతీయ రహదారికి అడ్డంగా నూనె ట్యాంకరు బోల్తాపడింది. కార్లు, బస్సులు బారులు తీరి ఆగిపోయాయి. సత్రం స్టేషనులో మూడో పెట్టె ఎక్కిన ఏంజెలిన్‌కి తలుపు దగ్గర, రొయ్యల బుట్టకీ పాల క్యానుకీ మధ్య, లాప్‌టాప్ సంచీని గుండెకి హత్తుకుని నిలబడ్డ మధుబాబు కనిపించాడు. ఇస్త్రీ చొక్కా అప్పటికే తడిసి ఉంది.

"గుడ్ మార్నింగ్ సార్."

"ఎనిమిదింటికి హెడ్డాఫీసు వాళ్ళు వస్తాండారు," అన్నాడాయన, గుడ్ మార్నింగ్ చెప్పడం మరిచిపోయి. "ఇది టైముకి పోతాది గదా?"

ఏంజెలిన్ ఏం చెబుతుంది!

బండి సత్రం దాటింది. కూర్చున్నవాళ్ళు లేచారు. కిటికీ పక్కనుంచి పెంచలమ్మ లేచి, "కూర్చోండి సార్," అంది.

"వద్దొద్దు, నువ్వు కూర్చో."

"పేటలో ఎక్కినారు మీరు. మీ వంతు ఇది. ఇక్కడ ఎవురికైనా అంతే." అభిమానమూ లేదు, దెప్పడమూ లేదు, రూలు చెబుతున్న గొంతు. మధుబాబు కూర్చున్నాడు.

ఆరూ యాభై ఒకటికి చక్రం ఆగింది. మేడం చేతి గడియారం చూసుకుని కాగితం తీసింది. మల్లెపూలామె దారం అందుకుంది. మధుబాబు మాత్రం కిటికీలోంచి తల బయటపెట్టి ముందుకు చూశాడు, వెనక్కి చూశాడు. ఫోనులో ఎవరికో చెప్పాడు, ఇంకెవరికో చెప్పాడు. పావుగంటయ్యేసరికి లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు.

"ఎందుకు ఆపినారు?"

"వెనక పెద్ద బండి ఉండాది సార్," అంది పెంచలమ్మ.

"అయితే? మనల్ని ముందు పంపితే ఏం పోతాది వాళ్ళకి?"

ఆ మాట అన్నప్పుడు ఆయనకి తెలియలేదు గానీ, 'మనల్ని' అన్నాడని పెట్టెలో అందరూ విన్నారు. పూలు కడుతున్నామె తల వంచుకుని నవ్వుకుంది.

ఒక బండి పోయింది. రెండో బండి పోయింది. ఏడూ ముప్పై రెండుకి చక్రం కదిలింది. మేడం నలభై ఒకటి అని రాసింది. కాగితం చేతులు మారుతూ తిరగడం మొదలుపెట్టింది. మధుబాబు దాన్నే చూస్తున్నాడు. ఆరేళ్ళలో మొదటిసారి ఆయన ఆలస్యం కాబోతున్నాడు. మేనేజర్లకు ఎనిమిది తర్వాత ఒక్క నిమిషం కూడా వెసులుబాటు లేదు. ఆ రూలు రాసింది ఆయనే. కాగితం తనను దాటి పోతుంటే గొంతు సవరించుకున్నాడు.

"దాంట్లో... నా పేరు కూడా రాస్తారా?"

"రాస్తాం సార్, రాయక," అంది పెంచలమ్మ. "కానీ ఆ కాయితం మన ఫ్యాక్టరీలో చెల్లదని నిన్న మీరే గదా చెప్పినారు."

పెట్టె నిశ్శబ్దమైపోయింది. జపాను పెట్టెలో కూడా అంత నిశ్శబ్దం విని ఉండదు ఏంజెలిన్. మధుబాబు ముఖం ఎర్రబడింది. కాసేపటికి ముందుకు వంగి, పెంచలమ్మకు మాత్రమే వినపడేలా అన్నాడు. పక్కనే ఉన్న ఏంజెలిన్‌కీ వినిపించింది.

"నిన్నటి గుర్తు సంగతి నేను చూసుకుంటాలే పెంచలమ్మా. తీసేపిస్తా. ఎవురితో అనబాక."

ఒప్పేసుకో అక్కా, అనుకుంది ఏంజెలిన్. సాయంత్రం లిస్టు పోతుంది. ఒక్క తలూపు చాలు. మళ్ళీ నెల ఉద్యోగం ఉంటుంది. ఇంకెవరికీ తెలియదు.

పెంచలమ్మ కడ్డీ పట్టుకుని నిలబడే ఉంది. "నన్ను చూసుకోబాకండి సార్," అంది. గొంతు తగ్గించలేదు. "కాయితాన్ని చూడండి. నేను నాలుగింటికి లేచినా. అయిదుంబావుకి గూడూరులో ప్లాట్‌ఫారం మీద ఉండా. నన్ను క్షమించేదానికి నేను చేసిన తప్పేం లేదు. లేటయింది నేను కాదు సార్, బండి."

ఏంజెలిన్‌కి తను జపాను వెళ్ళి నేర్చుకొచ్చింది టేపు చుట్టడమేనని, మిగతాది ఈ మూడో పెట్టెలోనే ఉందని ఆ క్షణంలో అనిపించింది. మధుబాబు చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. సూళ్ళూరుపేట వచ్చి, పోయింది. ఆ తర్వాత చెయ్యి చాపి కాగితం అడిగి తీసుకుని, మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా చదివాడు. ముప్పై ఒకటి కింద ముప్పై రెండు వేసి, తన పేరు రాసి, సంతకం పెట్టి మేడం చేతికిచ్చాడు. మేడం ఆకుపచ్చ సంతకం పెట్టి స్టాంపు ఒత్తింది.

గేటు దగ్గరికి చేరేసరికి ఎనిమిదీ పదహారు. మధుబాబు ముందు వేలు పెట్టాడు. మెషీను ఆయన్ని గుర్తుపట్టలేదో, గుర్తుపట్టే అరిచిందో, కీచుమంది. సెక్యూరిటీ అతను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. మధుబాబు ఆలస్యాల రిజిస్టరు తెరిచాడు. ప్రతి పేజీలోనూ చివర 'కారణం' అని ఒక గడి ఉంది. ఎన్ని పేజీలు తిప్పినా ఆ గడి ఖాళీగానే ఉంది. కారణం ఎవరినీ ఎప్పుడూ అడగలేదు. ఆయన తన పేరు ఎదురుగా 'రైలు ఆలస్యం, నలభై ఒక్క నిమిషాలు' అని రాశాడు. కింద వరసగా మిగతా అందరికీ అదే రాశాడు. కాగితాన్ని ఆ పేజీకి గుండుసూదితో గుచ్చాడు. తర్వాత ఒక పేజీ వెనక్కి తిప్పి, బుధవారం కింద, పెంచలమ్మ పేరుతో మొదలుపెట్టి వరసగా అందరికీ 'రైలు ఆలస్యం, ముప్పై నాలుగు నిమిషాలు' అని రాసి, ఎర్ర గుర్తులు కొట్టేసి సంతకం చేశాడు.

"నిన్నటి కాయితం నా బల్ల మీదే ఉండాది. తెచ్చి గుచ్చు," అన్నాడు సెక్యూరిటీతో. మళ్ళీ వెనక్కి తిప్పి, సోమవారం దగ్గర పెన్ను ఆపాడు. తలెత్తి పెంచలమ్మ వైపు చూశాడు. ఆ రోజు కూడా బండి నలభై నిమిషాలు ఆగిందని ఈపాటికి ఆయనకీ తెలుసు.

"దానికి కాయితం లేదు సార్. అది ఉండనీండి," అంది పెంచలమ్మ, చెంగు నడుముకి దోపుకుని లోపలికి నడుస్తూ.

ఏంజెలిన్ ఆమె వెనకే వెళ్ళింది. లైను మీద బోర్డులు కదలడానికి సిద్ధంగా ఉన్నాయి.